లూయీ ష్పోర్: ఆస్థాన కొలువు, చిన్ రెస్ట్, పాఠాలు

ప్రశ్న:
జర్మన్ వయొలిన్ విద్వాంసుడు లూయీ ష్పోర్ (1784–1859) గురించి ఎక్కడ వెతికినా "చిన్ రెస్ట్ (వయొలిన్ మీద గడ్డం ఆనించే చెక్క) కనిపెట్టినాయన" అన్న ఒక్క ముక్కే దొరుకుతోంది. ఆస్థాన వయొలినిస్టు అంటే ఏం పని చేసేవాడు? ఆ చిన్ రెస్ట్ ఇప్పటిదేనా? పాఠం ఎలా చెప్పేవాడు? తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరా?

1వ జవాబు:
కొలువు సంగతి. 1799లో, పదిహేనేళ్ళకే బ్రౌన్‌ష్వైగ్ అనే జర్మన్ సంస్థానపు డ్యూక్ దగ్గర చేరాడు. డచెస్ గారి కచేరీలు పేకాట బల్లల పక్కనే! ఆటగాళ్ళకు ఇబ్బంది లేకుండా వాద్యకారుల కింద మందపాటి తివాచీ పరిచేవారు, నాదం అందులోనే ఇంకిపోవాలని. ఓసారి ష్పోర్ ఒళ్ళు మరిచి జోరుగా వాయిస్తుంటే నౌకరు వచ్చి చెయ్యి పట్టుకుని, అంత గట్టిగా గీకొద్దని దొరసాని మాటగా చెప్పాడట. ఆయన ఆత్మకథలో ఉన్నదే ఇది.

డ్యూక్‌ను తిట్టడానికీ లేదు. 1802లో వయొలినిస్టు ఫ్రాంట్స్ ఎక్ శిష్యుడిగా సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా పంపింది ఆయనే. తర్వాత 1805లో గోటా ఊళ్ళో కన్సర్ట్‌మాస్టర్ (ఆర్కెస్ట్రాలో వయొలిన్ల పెద్ద). 1822 నుంచి కాస్సెల్‌లో ఆస్థాన సంగీత దర్శకుడు: ఆపెరా రిహార్సల్సు, ప్రదర్శనలు, ఆర్కెస్ట్రా బాధ్యత అన్నీ ఆయన మీదే. పేరు ఎంత పెద్దదైనా కొలువు కొలువే. 1851లో ఒప్పందం ప్రకారం రావలసిన రెండు నెలల సెలవు కాగితం మీద పాలకుడు సంతకం పెట్టలేదు. ఈయన ఆగకుండా వెళ్ళిపోయాడు, జీతం కోసేశారు. 1857లో ఇష్టం లేకుండానే పింఛను ఇచ్చి పంపారు. ఆ చలికాలమే చెయ్యి విరిగింది, వాయించడం అక్కడితో సరి.

2వ జవాబు:
చిన్ రెస్ట్ 1820 ప్రాంతపుది. ఇప్పుడు ఎక్కువగా కనబడేవి టెయిల్‌పీస్‌కు (తీగల కింది కొసలు తగిలించే ముక్కకు) ఎడమ పక్కన ఉంటాయి. ఆయనది నడిమధ్యన, టెయిల్‌పీస్ మీదుగా.

అవసరం ఎందుకొచ్చిందంటే, పై పొజిషన్ (పైస్థాయి స్వరాలకు చెయ్యి ముందుకు జరిపిన చోటు) నుంచి చెయ్యి కిందికి దిగేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు వయొలిన్‌ను కూడా తమతో లాక్కొస్తాయి. గడ్డం కింద పట్టు లేకపోతే వాద్యం జారుతుంది, జారుతుందన్న భయంతో చెయ్యి బిగుస్తుంది, బిగిస్తే శ్రుతి చెడుతుంది. గడ్డానికి ఆసరా దొరికాక ఎడమచేతికి మోసే పని తగ్గింది.

3వ జవాబు:
పాఠాలకు ఆధారం 1830ల మొదట్లో వచ్చిన ఆయన వయొలిన్ బోధన గ్రంథం. అందులో గొప్ప పద్ధతి ఒకటుంది: అభ్యాసాలకు గురువు కోసం రెండో వయొలిన్ భాగం కూడా రాశాడు. శిష్యుడు ఒంటరిగా సాధన చేస్తే పక్కదారి పట్టే శ్రుతి, పక్కన గురువు స్వరం మోగుతుంటే వెంటనే పట్టుబడుతుంది.

వైబ్రాటోను (వేలు ఊపి స్వరాన్ని కంపింపజేయడాన్ని) నాలుగు రకాలు చేశాడు: గట్టిగా నొక్కి పలికే స్వరానికి వేగంగా, దీర్ఘంగా సాగే భావయుక్త స్వరానికి నెమ్మదిగా, నాదం పెరిగేచోట నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటూ, తగ్గేచోట దానికి తిరగేసి. ప్రతి స్వరానికీ ఊపడం ఆయనకు గిట్టదు. ఎగిరిపడే కమాను దెబ్బలన్నా, ఇటలీ వయొలినిస్టు పగనీని ధోరణిలో కృత్రిమ హార్మోనిక్సన్నా (తీగను తేలికగా తాకి పుట్టించే ఈలలాంటి స్వరాలన్నా) చిన్నచూపే. ఆయనకు కావలసింది తీగను వదలని పొడుగాటి కమాను.

ఒక్క జాగ్రత్త. మనిషి భారీ విగ్రహం, చేతులు పెద్దవి. అందుకే ఆయన రచనల్లో పది స్వరాల దూరాన్ని ఒకేసారి పట్టే చోట్లు వస్తాయి. చిన్న చేతులవాళ్ళు వాటితో మొదలుపెడితే మణికట్టు నొప్పే మిగులుతుంది.

ష్పోర్ భార్య డోరెట్ హార్ప్ (వేళ్ళతో మీటే పెద్ద తీగల వాద్యం) వాయించేది. హార్ప్‌ను అర స్వరం దించి, ఆమెకు ఇ-ఫ్లాట్ (E♭) శ్రుతిలోనూ తనకు డి (D) శ్రుతిలోనూ రాసుకున్నాడు. వయొలిన్‌కు ఖాళీ తీగలు మోగుతాయి, హార్ప్ తీగలు తక్కువ తెగుతాయి. ఇద్దరికీ లాభమే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మన కర్ణాటక పద్ధతిలో కూర్చుని వాయించేవాళ్ళకు ఇందులో ఏమైనా పనికొస్తుందా?

2వ జవాబు ఇచ్చినవారు:
పట్టు గురించిన అధ్యాయం వదిలేయండి. వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది కాబట్టి ఎడమచెయ్యి ముందే ఖాళీ, గమకాలకు జారుడు దొరికేది అందుకే. కమాను అభ్యాసాలు తీసుకోండి. వేళ్ళ గుర్తులు మాత్రం ఉన్నవున్నట్టు వాడకండి. ఆయన తీగలన్నీ పంచమం తేడాతో ఉంటాయి. మన స-ప-స-పలో మధ్య రెండు తీగల తేడా మధ్యమమే, అక్కడ తీగ మారేసరికి వేలు తప్పు స్వరం మీద పడుతుంది.