అప్‌డేట్: గైడ్‌ను మార్చుకోవలసిన అవసరం రాలేదు

నా పీహెచ్‌డీ గైడ్ డ్రాఫ్టులు చూడడానికి నెలలు తీసుకుంటున్నారనీ, పేపర్‌లో రచయితల వరుస తేల్చడం లేదనీ, గైడ్‌ను మార్చుకోవాలా అనీ గతంలో అడిగాను. ముందు నా అవసరాలను ఒక పేజీలో రాసి ఆయనకు ఇవ్వమన్న సలహాను పాటించాను.

ఆ పేజీలో ఫిర్యాదు ఒక్కటీ లేదు. పదిహేను రోజులకొకసారి అరగంట సమావేశం, డ్రాఫ్టు ఇచ్చిన మూడు వారాల్లోగా వ్యాఖ్యలు, ఏ ప్రయోగం ఎవరు చేశారో చూపే పట్టిక మాత్రమే కోరాను. సార్ నిదానంగా చదివి, "మూడు"ను పెన్నుతో కొట్టేసి "నాలుగు" అని దిద్ది, "పరీక్షల నెలలో ఇదీ కష్టమే, అప్పుడు ముందుగానే చెబుతాను" అన్నారు. యూజీసీ 2022 నిబంధనలు ఒక ప్రొఫెసర్‌కు ఒకేసారి 8 మంది పీహెచ్‌డీ విద్యార్థులను అనుమతిస్తాయి. ఆయన దగ్గర అంతమందీ ఉన్నారు కాబట్టి ఆ మార్పు న్యాయమే అనిపించింది.

రచయితల వరుసే అసలు చిక్కు. నిధులు తెచ్చినంత మాత్రాన, ల్యాబ్‌ను పర్యవేక్షించినంత మాత్రాన రచయిత హోదా రాదని ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం) మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పట్టికను వాటితో పోల్చి చూశాక నా పేరు మొదట, కణాల పెంపకం చేసి పద్ధతుల భాగం రాసిన జూనియర్ పేరు తర్వాత ఉంచడానికి సార్ అంగీకరించారు.

ప్రతి సెమిస్టర్‌లో పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతిని వివరించాలని ఆ యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. చాలామంది దాన్ని సంతకాల తంతుగా చూడడం విద్యార్థికి నష్టమని నా గట్టి అభిప్రాయం. ఈసారి ఆ పేజీని, సార్ అనుమతితో, నివేదికకు జతచేస్తున్నాను.