కైలాక్‌లో 1.5 ఇంజన్ పెట్టి ఆర్ఎస్ తెస్తే స్కోడాకి మంచిదేనా?

అనంతగిరి_ఘాట్ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను. నేను రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నాది స్కోడా వాళ్ల చిన్న ఎస్‌యూవీ కైలాక్, 1.0 లీటర్ టర్బో ఇంజన్, మాన్యువల్ గేర్లు. 2025 మార్చిలో తీసుకున్నాను. ఇప్పటికి 19 వేల కిలోమీటర్లు తిరిగింది, అందులో సగానికి పైగా ఘాట్ రోడ్డే. నా పని కాఫీ గింజల కొనుగోలు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సీజన్. ఆ మూడు నెలలూ వారానికి రెండుసార్లు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఎక్కి అరకు, అక్కణ్నుంచి పాడేరు వెళ్తాను. వెళ్లేటప్పుడు ఒక్కణ్నే. వచ్చేటప్పుడు డిక్కీ నిండా శాంపిల్ బస్తాలు, వెనక సీట్లో విశాఖ ఆసుపత్రికో కాలేజీకో వచ్చే రైతు కుటుంబం ఎవరో ఒకరు ఉంటారు.

ఈ కారంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు మా బాబాయి దగ్గర పాత ఆక్టేవియా ఉండేది. దాని తలుపు వేస్తే వచ్చే శబ్దం విని, పెద్దయ్యాక కొంటే ఇదే కంపెనీ కారు కొనాలనుకున్నాను. కైలాక్ మలుపుల్లో ఒదిగిపోతుంది, స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది. కానీ గాలికొండ దాటాక మలుపుల్లేని చిన్న చిన్న సాపులు వస్తాయి చూడండి, టూరిస్టు బస్సుని దాటడానికి అక్కడ ఐదారు సెకన్లే దొరుకుతాయి. అప్పటికి ఇంజన్ 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంటే టర్బో అందుకునేలోపు ఆ సాపు అయిపోతుంది. చిన్న టర్బో ఇంజన్ల స్వభావమే అంత, నాకు తెలుసు. అందుకే గేరు ముందే తగ్గించుకుంటాను. అయినా మనసులో ఒక కోరిక ఉండిపోయింది.

కిందటి నెల నా స్నేహితుడి ఫోక్స్‌వ్యాగన్ టైగన్ 1.5 తీసుకుని ఇదే ఘాట్ ఎక్కాను. అది 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్ల టార్క్. నాది 115, 178. మూడో గేర్‌లోనే ఉంచి కాలు ఆనిస్తే చాలు, బండి కదిలిపోయింది. ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇక నా ప్రశ్న. కైలాక్, దానికంటే పెద్దదైన స్కోడా కుషాక్, రెండూ ఒకే ప్లాట్‌ఫాం మీద కట్టినవి. కుషాక్‌లో పట్టే 1.5 ఇంజన్ కైలాక్‌లోనూ పట్టాలి. సస్పెన్షన్ కాస్త గట్టిపరిచి, తన వేగమైన మోడళ్లకి పెట్టే ఆర్ఎస్ బ్యాడ్జి పెట్టి స్కోడా ఎందుకు తేకూడదు? యూరప్‌లో ఫాబియా 130 పేరుతో అదే 1.5 ఇంజన్‌ని 177 పీఎస్‌కి పెంచి ఇచ్చారు కదా. మా బావమరిది ఒప్పుకోడు. "మారుతి నెలకి అమ్మేన్ని కార్లు స్కోడా ఏడాదికి అమ్మలేదు. అంత చిన్న కంపెనీకి ఈ సరదాలు దేనికి?" అంటాడు. నేననేది దానికి సరిగ్గా తిరగేసి. చిన్న కంపెనీ ధరలో మారుతిని గెలవలేదు, సర్వీస్ సెంటర్ల సంఖ్యలో గెలవలేదు. నడిపితే కలిగే ఆనందం ఒక్కటే దాని ఆస్తి. దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లకపోతే జనం స్కోడా ఎందుకు కొనాలి?

కంపెనీ ఎప్పటికీ తేదంటే ఇదే బండికి రీమ్యాప్ (ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించుకోవాలా, లేక అమ్మేసి సెకండ్ హ్యాండ్ కుషాక్ 1.5 చూసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

చాకన్_12_ఏళ్లు (నంద్యాల)

మీ కోరిక నాకు అర్థమైంది. నేను పుణె దగ్గర విడిభాగాల కంపెనీలో పన్నెండేళ్లు పనిచేసి ఊరికి వచ్చేశాను. ఈ చర్చ అక్కడ క్యాంటీన్‌లో వందసార్లు విన్నాను. ఇంజన్ పట్టడం పెద్ద సమస్య కాదు. అసలు అడ్డు పన్ను.

కైలాక్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. 4 మీటర్లకు ఆ ఐదు మిల్లీమీటర్లు ఊరికే తగ్గించలేదు. 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1,200 సీసీ లోపు ఇంజన్, ఈ రెండూ ఉంటేనే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 18 శాతం. రెండిట్లో ఏ ఒక్కటి తప్పినా 40 శాతం. మీ 1.0 ఇంజన్ 999 సీసీ. 1.5 అంటే 1,498 సీసీ.

లెక్క వేద్దాం. పన్నుకు ముందు 9 లక్షల కారనుకోండి. 18 శాతంతో 10 లక్షల 62 వేలు. అదే కారు 40 శాతంలో పడితే 12 లక్షల 60 వేలు. ఒక్క బోల్టు మారకుండానే దాదాపు 2 లక్షలు పెరిగింది. దాని మీద పెద్ద ఇంజన్ ఖర్చు, గట్టి క్లచ్, బ్రేకుల ఖర్చు. లైఫ్ ట్యాక్స్ కూడా కారు ధర మీదే లెక్కేస్తారు కాబట్టి అదీ పెరుగుతుంది. ఆ ధరకి పక్కనే కుషాక్ నిలబడి ఉంటుంది, ఇంకా వెడల్పుగా, ఇంకా పెద్దగా. సేల్స్ కుర్రాడు కస్టమర్‌కి ఏం చెప్పి కైలాక్ వైపు తిప్పుతాడు?

ఈ దారిలో నడిచిన చిన్న కంపెనీ ఒకటి మన దేశంలోనే ఉంది. 2015 అక్టోబర్‌లో ఫియట్, తన అవెంచురాకి తన స్పోర్ట్స్ విభాగమైన అబార్త్ ఇంజన్ పెట్టి అమ్మింది. అది కూడా 4 మీటర్ల లోపు, నేల నుంచి ఎత్తుగా ఉండే క్రాసోవరే. 1.4 టీ-జెట్ టర్బో పెట్రోల్, 140 పీఎస్, నాలుగు చక్రాలకీ డిస్కులు. ఇంజన్ 1,368 సీసీ కాబట్టి అప్పటి ఎక్సైజ్‌లో చిన్న కారు రాయితీ దక్కలేదు. అయినా ఎక్స్-షోరూం 10 లక్షల లోపే పెట్టారు. నేను నడిపాను. గొప్ప బండి. కానీ దాన్ని చూసి షోరూంకి జనం వరస కట్టలేదు, మరి నాలుగేళ్లకి ఫియట్ మన దేశంలో అమ్మకాలే ఆపేసింది. అబార్త్ వల్ల మునిగిందని నేననను. మామూలు కార్లు అమ్ముడుపోని కంపెనీని వేగమైన కారు కాపాడలేదని మాత్రం అంటాను.

పెద్దవాళ్లకూ ఇది నిలవలేదు. మారుతి 2017లో బలెనో ఆర్ఎస్ తెచ్చి 2020 మొదట్లో ఆపేసింది. టాటా, కోయంబత్తూరు జయెంతో కలిసి 2018లో టియాగో జేటీపీ, టిగోర్ జేటీపీ తెచ్చింది. బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి అవీ పోయాయి. పది మోడళ్లున్న కంపెనీ అయితే ఒకటి పోయినా తట్టుకుంటుంది. స్కోడాకి ఇక్కడ ఉన్నవే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

2025లో ఆక్టేవియా ఆర్ఎస్ 100 కార్లు ఒక్కొక్కటి 50 లక్షలకి ఇట్టే అమ్ముడుపోయాయి కదా అని ఎవరైనా అంటారని ముందే రాస్తున్నాను. అవి పూర్తిగా తయారై విదేశం నుంచి దిగినవి. ఏడాదికి 2,500 దాకా అలా తెచ్చుకుంటే ఇక్కడ విడిగా సర్టిఫికేషన్ పరీక్షలు అక్కర్లేని నిబంధన ఉంది. కైలాక్ పుణె దగ్గర చాకన్‌లో తయారవుతుంది. కొత్త ఇంజన్ పెడితే పొగ, మైలేజీ, బ్రేకుల పరీక్షలన్నీ మళ్లీ మొదట్నుంచి చేయించాలి. ఆ ఖర్చుని ఏడాదికి రెండు మూడు వేల కార్ల మీద పంచితే ఎంతవుతుందో ఆలోచించండి.

అయితే దారి మూసుకుపోలేదు. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ చూడండి. 1,197 సీసీలోనే 130 పీఎస్, 230 న్యూటన్ మీటర్లు తీశారు, పన్ను మాత్రం 18 శాతమే. గీత దాటకుండానే చేయొచ్చని అదే సాక్ష్యం. కాకపోతే స్కోడా చేతిలో ఇక్కడ అలాంటి 1.2 ఇంజన్ లేదు.

ఆటోనగర్_షెడ్డు (విజయవాడ)

వైజాగ్ అన్నా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. అందులో ఒక మాట మీరే గమనించినట్టు లేదు. ఎక్కేటప్పుడు ఒక్కరే అన్నారు. దిగేటప్పుడు డిక్కీలో బస్తాలు, వెనక సీట్లో మనుషులు అన్నారు. మరి మీ ఆలోచనంతా ఎక్కేటప్పటి గురించే ఉంది. నాకు మాత్రం దిగేటప్పటి గురించి టెన్షన్‌గా ఉంది.

మాది బ్రేకుల పని, ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా. మా నాన్నగారు లారీ బ్రేకులు చేసేవారు, నేను కార్లవి చేస్తాను. కైలాక్‌కి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. రోజువారీ వాడకానికి అవి చాలు, వంక పెట్టడానికి లేదు. కానీ పూర్తి లోడుతో ఇరవై, ముప్పై కిలోమీటర్లు వరసగా దిగుతూ మాటిమాటికీ కాలు పెడితే డ్రమ్ములో వేడి నిలిచిపోతుంది. డిస్కయితే గాలి తగిలి చల్లారుతుంది. పైగా మీది 999 సీసీ, మూడు సిలిండర్లు. పెద్ద ఇంజన్ గేర్‌లో ఉంటే బండిని వెనక్కి పట్టినంతగా ఇది పట్టదు. ఆ భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇప్పుడు దీనికి రీమ్యాప్ చేయించారనుకోండి. చేసేవాడు ల్యాప్‌టాప్ పెట్టి అరగంటలో ఇస్తాడు, పవర్ నిజంగానే వస్తుంది. కానీ క్లచ్, గేర్‌బాక్స్, చల్లార్చే ఏర్పాటు, అన్నీ కంపెనీ ఇచ్చిన టార్క్‌కి లెక్కేసి పెట్టినవి. అవేవీ మారవు. బ్రేకులూ మారవు. వారంటీ పోతుంది. ఘాట్‌లో వారానికి రెండుసార్లు తిరిగే బండికి వారంటీ పోగొట్టుకోవద్దని నా తమ్ముడికైనా ఇదే చెప్తాను.

మా షెడ్డుకి ఒక బండి వచ్చింది, ఏ కంపెనీదో చెప్పను. పవర్ పెంచారు, చక్రాలు పెద్దవి వేశారు, సైలెన్సర్ మార్చారు. బ్రేక్ ఫ్లూయిడ్ నాలుగేళ్లుగా మార్చలేదు. తీసి చూస్తే టీ డికాషన్ రంగులో ఉంది. ఆ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. నీరు చేరితే తక్కువ వేడికే మరిగిపోతుంది, అప్పుడు పెడల్ నేలకి తగులుతుంది. ఆ కుర్రాడు తిరుమల ఘాట్ దిగి వచ్చాడట ఆ బండితో. పక్కన వాళ్లమ్మగారు. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

అందుకని స్కోడా పర్ఫార్మెన్స్ కైలాక్ తేవాలా అంటే తేవాలనే నా మాట. కానీ ఇంజన్‌తో మొదలుపెట్టొద్దు. వెనక డిస్కులు ఇవ్వండి. స్ప్రింగులు, డ్యాంపర్లు ఒక మెట్టు గట్టివి ఇవ్వండి. మంచి టైర్లు ఇవ్వండి. ఇంజన్‌ని ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. హ్యుందాయ్ వాళ్లు వెన్యూ ఎన్ లైన్‌లో చేసింది దాదాపు ఇదే. ఇంజన్ అదే, నాలుగు చక్రాలకీ డిస్కులు, సస్పెన్షన్, స్టీరింగ్ గట్టిపరిచారు, ఎగ్జాస్ట్ శబ్దం మార్చారు. పన్ను మారలేదు. అంతకుముందే ఐ20లో మొదలైన ఎన్ లైన్ తర్వాత క్రెటాకీ పాకింది. అంత పెద్ద కంపెనీకే అది చాలినప్పుడు చిన్న కంపెనీకి ఇంకా బాగా నప్పుతుంది.

ఈ సీజన్ మొదలయ్యేలోపు ఫ్లూయిడ్ మార్పించండి, మీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే వేయించండి. వెనక డ్రమ్ములు విప్పించి షూ మందం చూడమనండి. ఏ గేర్‌లో ఎక్కుతారో ఆ గేర్‌లోనే దిగండి. లారీ వాళ్ల మాట ఇది, మా నాన్నగారు రోజూ చెప్పేవారు.

మన్ననూరు_చెక్‌పోస్ట్ (హైదరాబాద్)

పైన చెప్పిన అవెంచురా అబార్త్ నా దగ్గర ఉంది, ఇప్పటికీ నడుపుతున్నాను. అందుకే రాయాలనిపించింది.

నంద్యాల వారి లెక్క సరైనదే. వరసలు కట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ బండి ఎవరి కోసం చేశారో వాళ్లకి అది ఎంతటిదో కూడా రాయాలి. ఏడాదికి మూడు నాలుగుసార్లు అమ్మని తీసుకుని శ్రీశైలం వెళ్తాను. రాత్రి 9 తర్వాత అడవిలోకి వదలరు కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి 6కి మన్ననూరు గేటు తీసే వేళకి అక్కడ ఉంటాం. దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగి మళ్లీ ఎక్కే ఆ మలుపుల్లో నాకు కలిగే సంతోషం ఇంకే కారులోనూ కలగలేదు. మా ఊరి మట్టి రోడ్డులో కింద తగలదు, అమ్మ వంగకుండా ఎక్కి కూర్చుంటుంది. తక్కువ ఎత్తు హ్యాచ్‌బ్యాక్ అయితే నా డెబ్బై ఏళ్ల అమ్మతో ఈ ప్రయాణమే ఉండేది కాదు. ఎత్తైన బండికి వేగం ఎందుకని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. మన రోడ్లకి, మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఎత్తు కావాలి. ఎత్తు కావాలన్నంత మాత్రాన నడిపే ఆనందం వదులుకోవాలా?

స్కోడాకి నేను చెప్పాలనుకునేది ఒక్కటే. ఎన్ని చేసినా, ఐదొందలే చేసినా, కొన్నవాళ్లకి పదిహేనేళ్లు విడిభాగాలు ఇస్తామని ముందే రాసివ్వాలి. ఆ భరోసా ఉంటే 2 లక్షలు ఎక్కువైనా నేను కొంటాను.

ఆటోనగర్ అన్నగారూ, మీ జవాబు చదివాక నా ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చానో చూసుకున్నాను. పద్నాలుగు నెలలైంది. ఇంకా నడవొచ్చా?

ఆటోనగర్_షెడ్డు (విజయవాడ)

సాధారణంగా రెండేళ్లు అంటారు అక్కా. మీరు ఘాట్ తిరుగుతారు కాబట్టి ఏడాదిన్నరకే మార్పించండి. నాలుగు డిస్కులున్నాయి కదా, ప్యాడ్‌లు నాలుగూ చూపించండి.

అనంతగిరి_ఘాట్ (విశాఖపట్నం)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆటోనగర్ అన్న రాసింది చదివి నిజంగా ఉలిక్కిపడ్డాను. దిగేటప్పటి సంగతి నేను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. పోయిన జనవరిలో అనంతగిరి దిగుతుంటే వెనక కూర్చున్న పెద్దాయన "ఏదో కాలిన వాసన వస్తోంది బాబూ" అన్నారు. ముందున్న లారీదేమో అనుకుని ఊరుకున్నాను. అది నా బండిదే అయ్యుండొచ్చని ఇవాళే తట్టింది. అప్పుడు బండిలో ఐదుగురం ఉన్నాం.

రీమ్యాప్ ఆలోచన మానుకున్నాను. శనివారం డ్రమ్ములు విప్పించి, ఫ్లూయిడ్ మార్పిస్తున్నాను. పన్ను లెక్క మా బావమరిదికి చూపించాను. తనే గెలిచానన్నాడు. కానీ వెనక డిస్కుల మాట చెప్పేసరికి "అదైతే నేనూ కొంటాను" అన్నాడు. 1.5 ఇంజన్ అడగకుండా, ఇప్పుడున్న ఇంజన్‌తోనే వెనక డిస్కులు, గట్టి సస్పెన్షన్ ఉన్న కైలాక్ ఇవ్వమని కంపెనీకి ఉత్తరం రాస్తున్నాను. మన్ననూరు మేడం చెప్పిన విడిభాగాల మాట కూడా అందులో పెడతాను. సంతకం చేసేవాళ్లు ఇక్కడే రాయండి, ఆదివారం పంపిస్తాను.