తక్కువ ఖర్చయ్యే ప్రభుత్వ విశ్వవిద్యాలయమా, పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయమా?

పాలపిట్ట (ప్రశ్న):

మా తమ్ముడికి నాలుగేళ్ళ స్టాటిస్టిక్స్ డిగ్రీకి రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో సీటు వచ్చింది. మొదటిది ఇంటి నుంచి రోజూ వెళ్ళి రాగలిగినంత దూరంలో ఉంది. ఫీజు తక్కువ కనుక అప్పు చేయకుండానే చదువు పూర్తవుతుంది గానీ, ఈ ప్రాంతం దాటితే దాని పేరు విన్నవారు తక్కువ. రెండవది అంతర్జాతీయ ర్యాంకింగులలో ఏటా కనిపించేది. అక్కడ బయటి ప్రాంతపు విద్యార్థులకు ఫీజు ఎక్కువ, హాస్టల్ ఖర్చు అదనం, మొత్తం ఖర్చులో దాదాపు సగానికి అప్పు తేవలసిందే. మా ఇంట్లో విశ్వవిద్యాలయంలో చేరబోతున్న మొదటివాడు వాడే కాబట్టి సలహా అడగడానికి దగ్గరివాళ్ళెవరూ లేరు. "అప్పు సంగతి నేను చూసుకుంటాను, చదువు పేరున్నచోటే చదవాలి" అంటున్నారు నాన్నగారు. వాడేమో నాన్నగారికి ఎదురుచెప్పలేక ఊరుకుంటున్నాడు. ఆ పేరుకు అంత వెల కట్టడం సబబేనా? ఎలా ఆలోచించాలో చెప్పగలరు.

లెక్కలపద్దు:

పాలపిట్ట గారూ, అప్పు అనుకున్నప్పుడు మన మనసులో మెదిలేది తెచ్చుకొనే మొత్తం. తీర్చవలసిన మొత్తం కాగితం మీద వేసుకుంటే తప్ప కనబడదు. అప్పు అంతా కలిపి 100 అనుకోండి. ఏటా మొదట్లో 25 చొప్పున నాలుగేళ్ళు తీసుకొని, 10 శాతం చక్రవడ్డీ మీద, చదువు అయ్యేదాకా ఏమీ కట్టకుండా ఉంటే డిగ్రీ చేతికి వచ్చేనాటికి అది దాదాపు 128 అవుతుంది. దానిని అదే వడ్డీకి పదేళ్ళ నెలసరి వాయిదాలలో తీరిస్తే కట్టేది మొత్తం 202 దాటుతుంది, అంటే తెచ్చినదానికి రెట్టింపు. చదువుకొనే కాలంలో ఏ ఏటి వడ్డీ ఆ ఏడు కడుతూ వస్తే మొత్తం 184 దగ్గర ఆగుతుంది. మీకు వచ్చే వడ్డీరేటు వేరుగా ఉండవచ్చు కనుక ఈ లెక్కను మీ అంకెలతో మళ్ళీ వేయండి.

మరొక్క మాట. ప్రకటనలో ఉన్న ఫీజు మొదటి ఏడాదిది మాత్రమే కావచ్చు. మిగిలిన మూడేళ్ళూ అది పెరుగుతుందా, ఎంతవరకు పెంచవచ్చు, ఉపకారవేతనం ఏదైనా ఇస్తే అది నాలుగేళ్ళకా లేక తొలి ఏడాదికేనా, మార్కులు ఎంతకు తగ్గితే ఆగిపోతుంది అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఈ షరతు చూసుకోక రెండో ఏట ఇరుకున పడే కుటుంబాలు చాలా ఉంటాయి.

బోధకుడు:

నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో గణితం బోధిస్తాను, కాబట్టి పేరుప్రతిష్ఠలు దేనితో కొలుస్తారో చెబుతాను. ప్రపంచ విశ్వవిద్యాలయాలకు వరుస కట్టే షాంఘై ర్యాంకింగు 2003లో మొదలైంది. అందులో నోబెల్ లేదా గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకం పొందిన అధ్యాపకులకు 20 శాతం, ఆ పురస్కారాలు పొందిన పూర్వవిద్యార్థులకు 10 శాతం విలువ ఇచ్చారు. మిగిలినదంతా దాదాపుగా పరిశోధన వ్యాసాలకూ, వాటిని ఇతరులు ఉటంకించడానికీ సంబంధించినదే. అటువంటిదే మరొకటైన క్యూఎస్ ర్యాంకింగులో విద్యావేత్తల అభిప్రాయ సేకరణకు చాలాకాలం 40 శాతం ఇచ్చేవారు, 2024 ర్యాంకింగుతో దానిని 30కి తగ్గించారు. అంటే ప్రపంచంలోని ఆచార్యులు ఒక సంస్థ పరిశోధనను ఎలా తలుస్తున్నారన్నది అక్కడ ప్రధానం. మీ తమ్ముడికి సంభావ్యత సిద్ధాంతం ఎవరు, ఎంత శ్రద్ధగా చెబుతారన్నది ఈ అంకెలలో ఎక్కడా లేదు. ఆశ్చర్యం ఏమిటంటే, తరగతి గదిలోకి తొంగి చూడని కొలతను చూసి తరగతికి వెల కడుతున్నాం.

కాబట్టి సంస్థను వదిలి విభాగాన్ని చూడండి. రెండు చోట్లా మొదటి, మూడవ సంవత్సరపు టైమ్‌టేబుళ్ళు తెప్పించుకొని పక్కపక్కన పెట్టండి. అధ్యాపకుడి పేరు ఉండవలసిన గడిలో "నియామకం జరగవలసి ఉంది" అని ఎన్నిచోట్ల కనిపిస్తోందో లెక్కపెట్టండి. ఒక్కొక్క సెక్షన్‌లో ఎందరు, కంప్యూటర్ ల్యాబ్ వారానికి ఎన్ని గంటలు, ఇంటిలెక్కలు దిద్దేది ఎవరు అన్నవి అడగండి. ప్రాస్పెక్టస్‌లో ఇరవై ఐచ్ఛిక పాఠ్యాంశాలు అచ్చువేసి ఏటా నాలుగే నడిపే విభాగాలు ఉంటాయి, అందుచేత గత రెండేళ్ళలో నిజంగా నడిచినవి ఏవో కనుక్కోవాలి. పెద్ద పేరున్నచోట పేరుమోసిన ఆచార్యుడు పీజీ విద్యార్థులకే పరిమితమై, డిగ్రీ తరగతులు పరిశోధక విద్యార్థుల మీద పడడం అరుదేమీ కాదు. చిన్నచోట సిలబస్ ముప్పై ఏళ్ళుగా కదలకపోవడమూ అరుదు కాదు.

ఇక సంపాదన సంగతి. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో అమెరికా కళాశాలల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రవేశం దొరకడం కష్టమైన కళాశాలలలో చదివినవారిని, అటువంటిచోట సీటు వచ్చినా మరొకచోట చేరినవారితో పోలిస్తే, తరువాతి సంపాదనలో సగటున చెప్పుకోదగ్గ తేడా వారికి కనబడలేదు. రెండుచోట్లా సీటు తెచ్చుకోగలిగిన మీ తమ్ముడి సామర్థ్యం ఎక్కడ చేరినా అతని వెంటే వస్తుంది.

నిదానం:

బోధకుడు గారు చెప్పినదానిలో చాలాభాగం ఒప్పుకుంటూనే, ఆ అధ్యయనంలోనే ఉన్న ఒక మినహాయింపును ఆయన వదిలివేశారని గుర్తుచేయాలి. తక్కువ ఆదాయపు కుటుంబాల నుంచి వచ్చినవారికి పేరున్నచోట చదవడం వల్ల లాభం కనబడిందని అదే పత్రం చెబుతోంది. తల్లిదండ్రులకు పెద్దగా చదువు లేనివారి విషయంలోనూ అలాగే ఉందని ఆ ఇద్దరే తరువాతి పరిశీలనలో రాశారు. పరిచయాలు ఇంట్లోనే ఉన్న పిల్లవాడికి విశ్వవిద్యాలయం కొత్తగా ఇచ్చేది తక్కువ. అవి లేని పిల్లవాడికి సహాధ్యాయులు, సీనియర్లు, వెతుక్కుంటూ వచ్చే సంస్థలు పెద్ద ఆసరా. మొదటి తరం విద్యార్థి అని పాలపిట్ట గారే చెప్పారు కదా! అది అమెరికాలో 1976లో కళాశాలలో చేరినవారితో మొదలైన అధ్యయనం కనుక దానిని యథాతథంగా అందరికీ వర్తింపజేయలేమన్నది వేరే విషయం. ఆ జాగ్రత్త రెండు వైపులా పాటించాలి.

అయితే ఆ ఆసరా కూడా పేరును బట్టి ఊహించుకొనేది కాదు, అడిగి తెలుసుకొనేది. స్టాటిస్టిక్స్ విభాగం నుంచి గత ఏడాది బయటికి వచ్చినవారిలో ఎందరు పీజీకి ఎక్కడికి వెళ్ళారు, ఎందరికి ఏ రకమైన ఉద్యోగం వచ్చింది అని రెండు విభాగాలనూ అడగండి. పీజీ చేసే ఉద్దేశం మీ తమ్ముడికి ఉంటే నా సలహా మారుతుంది, ఎందుకంటే అప్పుడు చివరి పట్టా మీది పేరుకే ఎక్కువ బరువు ఉంటుంది. డిగ్రీ ఇంటి దగ్గర అప్పు లేకుండా ముగించి, మిగిలిన డబ్బును పీజీకి ఉంచుకోవడం మంచిది. డిగ్రీతోనే ఉద్యోగంలో చేరాలనుకుంటే మాత్రం దూరపు విశ్వవిద్యాలయాన్ని అంత తేలికగా తోసిపుచ్చను.

పాలపిట్ట:

అందరికీ కృతజ్ఞతలు. టైమ్‌టేబుళ్ళు తెప్పించాం. దగ్గరి విభాగంలో మొదటి సంవత్సరానికి ఖాళీ గడులు లేవు, మూడవ సంవత్సరంలో రెండు ఉన్నాయి. దూరపు విభాగంలో ఖాళీలేమీ లేవు గానీ ఒక్కొక్క సెక్షన్ ఇక్కడికంటే మూడింతలు పెద్దది. వారు ఇస్తామన్న ఉపకారవేతనం తొలి ఏడాదికేనట. తమ్ముణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగితే పీజీ చేయాలనే ఉందన్నాడు. లెక్కలపద్దు గారి పద్ధతిలో వేసిన కాగితం నాన్నగారికి చూపించాను. ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు, పేరున్నచోటి సీటు వదులుకుంటే మళ్ళీ రాదనే బాధ ఆయనది.

లెక్కలపద్దు:

నాన్నగారి బాధ సహజమే. ప్రవేశాన్ని ఒక ఏడాది వాయిదా వేసుకొనే వీలు అక్కడ ఉందేమో అడగండి, దగ్గరిచోట చదివిన క్రెడిట్లతో రెండో ఏడాదిలో చేర్చుకుంటారేమో కూడా అడగండి. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే మొత్తం చేరకపోతే తిరిగి వస్తుందో లేదో, గడువు తేదీకి ముందే, వారి చేత రాతలో చెప్పించుకోండి.