అక్షరాలు దిద్దితే వేళ్ళు కుదురుతాయా, వేళ్ళు కుదిరాకే అక్షరాలా?

బుడిబుడి_అమ్మ:
మా పాపకి మూడున్నరేళ్ళు. బడి నుంచి రోజూ రెండు పేజీల చుక్కల అక్షరాలు ఇస్తున్నారు, వాటి మీద దిద్దించాలి. పాప పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటుంది. నేను వేళ్ళు సర్దిపెడితే రెండు గీతలు గీసేలోపు మళ్ళీ పిడికిలే. నిన్న ఎంత నొక్కిందంటే కాగితం చిరిగి, కింది పేజీలో కూడా గాడి పడింది. టీచర్‌ని అడిగితే "రాయగా రాయగా అవే కుదురుతాయి" అన్నారు. మా అక్కేమో "వేళ్ళకి బలం వచ్చేదాకా పెన్సిల్ ముట్టించకు" అంటోంది. ఎవరి మాట వినాలో చెప్పండి.

చిన్నక్లాసు_టీచర్:
మీ టీచర్ అన్నదాంట్లో తప్పేం లేదండి. గీత ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎప్పుడు చెయ్యి ఎత్తాలి అన్నది రాస్తేనే వస్తుంది. బంకమట్టి ఎంత పిసికినా గీత మీద ఆగడం రాదు. ఒకటో తరగతికి వచ్చేదాకా పెన్సిల్ ముట్టని పిల్లల్ని చూశాను. పక్కవాళ్ళు చకచకా రాస్తుంటే వీళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అలవాటు ముందునుంచే ఉండాలి.

ఓటీ_అక్క:
పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ నా పని, అంటే రాయడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు కుదిరేలా పిల్లలకి సాయపడటం. కొంచెం పెద్ద జవాబే రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు పట్టు సంగతి. ఏడాది, ఏడాదిన్నర వయసులో పిడికిలి పట్టు. రెండు మూడేళ్ళకి వేళ్ళన్నీ పెన్సిల్ మీదికి వస్తాయి కానీ కదిలేది చెయ్యంతా. మూడున్నర, నాలుగు దగ్గర మూడువేళ్ళ పట్టు మొదలవుతుంది, అప్పటికీ వేళ్ళు కదలవు, మణికట్టే కదులుతుంది. వేళ్ళు తిప్పి రాయడం నాలుగున్నర నుంచి ఆరేళ్ళ మధ్య వస్తుంది. ఇవి సుమారు లెక్కలు, పిల్లల్ని బట్టి ముందూ వెనకా అవుతాయి. కాబట్టి మూడున్నరేళ్ళకి మధ్యమధ్యలో పిడికిలి పట్టిందని టెన్షన్ పడక్కర్లేదు.

పుట్టినప్పుడు మణికట్టులోని 8 చిన్న ఎముకలూ మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటీ గట్టిపడుతూ, ఆఖరిదాని వంతు వచ్చేసరికి పిల్లకి ఎనిమిదేళ్ళు దాటుతాయి. ఇది చూపించి "అప్పటిదాకా రాయించొద్దు" అనేవాళ్ళున్నారు. అది అతి. రాత ఆగేది ఎముక దగ్గర కాదు, కన్నూ చెయ్యీ కలిసి పనిచేయడం దగ్గర.

అందుకే ఆకారాలు చూడాలి. నిలువు గీత, అడ్డగీత ముందు వస్తాయి. మూడేళ్ళ ప్రాంతంలో సున్న చుడతారు. ప్లస్ గుర్తు నాలుగేళ్ళకి, చతురస్రం నాలుగున్నరకి. ఏటవాలు గీత వీటన్నిటికంటే ఆలస్యం, అయిదేళ్ళ దగ్గర కుదురుతుంది. ఇప్పుడు మన అక్షరాలకేసి చూడండి. "అ" రాయాలంటే చుట్టు మధ్యలో దిశ మార్చి లోపలికి మెలిక తిప్పాలి. తలకట్టు అంటే ఏటవాలు గీతే, పైగా విరుపుతో. మూడున్నరేళ్ళ చేతికి మనం ముందుగా ఇచ్చేది ఇదీ!

నాకో_డౌటు:
మరి అయిదేళ్ళదాకా అక్షరాలే వద్దా? ఇండియానా యూనివర్సిటీకి చెందిన కరిన్ జేమ్స్ 2012లో సహపరిశోధకురాలితో కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. ఇంకా చదవడం రాని అయిదేళ్ళ పిల్లల చేత కొన్ని అక్షరాలు చూసి రాయించారు, కొన్ని దిద్దించారు, కొన్ని టైప్ చేయించారు. తర్వాత అవే అక్షరాలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. చదివేటప్పుడు పనిచేసే భాగాలు బాగా స్పందించింది, చూసి రాసిన అక్షరాలకి. పరిశోధన చిన్నదే అయినా రాత మానేయమని మాత్రం దాంట్లో లేదు.

ఓటీ_అక్క:
మీరు నా పక్షానే మాట్లాడారు. అందులో దిద్దిన అక్షరాలకి ఆ ఫలితం రాలేదు కదా. వంకరో టింకరో, పిల్ల తనంతట తాను గీసినదానికే వచ్చింది. ఇక్కడ గొడవంతా ఆ చుక్కల పేజీల గురించే.

పాతపలక:
మా రోజుల్లో థెరపీలూ లేవు, స్కాన్లూ లేవు. అందరం రాశాం.

బుడిబుడి_అమ్మ:
రాశాం నిజమే అంకుల్. నా నడిమివేలి మీద కాయ ఇంకా అలాగే ఉంది.

మేఘాల_నాన్న:
మాంటిస్సోరి బడుల పద్ధతికి మూలమైన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో "పిల్లల ఇల్లు" పేరుతో తన తొలి బడి తెరిచారు. అక్కడ ఆమె చేసింది ఈ రెండు పనులనీ విడదీయడమే. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు నడిపిస్తే ఆకారం పట్టుబడుతుంది. లోహపు ఆకారాల చుట్టూ పెన్సిల్ తిప్పితే చెయ్యి కుదురుతుంది. అంటే ఇక్కడ మీ ఇద్దరూ సగం సగం రైటే.

చిన్నక్లాసు_టీచర్:
ఒప్పుకుంటాను. అయితే ఒక మాట. ముప్పై మంది పిల్లల్ని విడివిడిగా దగ్గర కూర్చోబెట్టుకుని గీయించడం నా ఒక్కదాని వల్ల కాదు. చుక్కల పేజీ అయితే పంచొచ్చు, తర్వాత సరిచూడొచ్చు. పైగా నోట్‌బుక్కు నిండకపోతే మొదట అడిగేది తల్లిదండ్రులే.

ఓటీ_అక్క:
అందుకే బడిని వదిలేసి ఇంటి సంగతి చెబుతాను. పొడుగు సుద్దముక్క వద్దు, విరిగిన ముక్క ఇవ్వండి. అంత చిన్నదాన్ని పిడికిలితో పట్టడం కుదరదు, వేళ్ళ కొసలతో పట్టాల్సిందే. బోర్డు నిలువుగా, కంటి ఎత్తులో ఉంటే మణికట్టు దానంతటదే వెనక్కి వంగి పట్టుకి వీలుగా ఉంటుంది, భుజం కూడా పని చేస్తుంది. బట్టల క్లిప్పులు తీసి పెట్టించండి, మొండి కత్తెరతో కాగితం కత్తిరించనివ్వండి. అక్షరాలు మానొద్దు. జానెడంత పెద్దవి, రోజుకి మూడో నాలుగో, చూసి గీయడమే, దిద్దడం వద్దు. అయిదు దాటాక కూడా బొత్తాం పెట్టుకోలేకపోతే, రెండు గీతలకే చెయ్యి నొప్పంటే, అప్పుడొకసారి చూపించండి.

బుడిబుడి_అమ్మ (మూడు వారాల తర్వాత):
టీచర్‌తో మాట్లాడాను. రెండు పేజీలు ఒకటయ్యాయి, సున్నా మాత్రం కాలేదు. ఇంట్లో గోడకి బోర్డు పెట్టి విరిగిన సుద్దముక్కలిచ్చాను. వారమంతా సున్నలే చుట్టింది, బోర్డు చాలక తలుపు మీద కూడా. నిన్న ఒక సున్నకి పైన చిన్న గీత పెట్టి "ర" అంది. తలకట్టు పక్కకి జారి సున్న కింద పడింది. అదేంటే అంటే "టోపీ పడిపోయిందమ్మా" అని చెప్పి, చేత్తో చెరిపి మళ్ళీ గీసింది. పెన్సిల్ ఇస్తే మాత్రం ఇంకా పిడికిలే.