ఏ లక్షణాలూ లేకపోయినా పీఎస్‌ఏ పరీక్ష చేయించుకోవాలా?

వానచినుకు:
50 దాటి, ఒంట్లో ఏ బాధా లేని మగవాళ్లు ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించుకోవాలా? ఒక డాక్టరు చేయించుకోకపోతే తప్పంటారు, ఇంకో డాక్టరు చేయించుకోవడమే తప్పంటారు. మూత్రంలో రక్తం పడుతున్నవాళ్లు, నడుం ఎముకలు నొప్పి పెడుతున్నవాళ్ల సంగతి కాదు నేనడిగేది. వాళ్లకి పరీక్ష ఎలాగూ తప్పదు. ఏమీ లేనివాళ్ల గురించే. ‘ముందుజాగ్రత్త మంచిదేగా’ అని వదిలేయకుండా, దయచేసి లెక్కలతో చెప్పండి.

తూనికరాయి:
అలవాటుగా ఏటా చేయించుకోవడానికి నేను వ్యతిరేకం. ఎందుకో చెప్తాను.

పీఎస్‌ఏ (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్) అనేది క్యాన్సర్ వదిలే పదార్థం కాదు, ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్. గడ్డకట్టిన వీర్యాన్ని పలచబరచడం దాని పని. మామూలుగా అందులో బహు కొద్ది భాగమే రక్తంలోకి చేరుతుంది. వయసుతో గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రానికి గొట్టం వేసినా ఎక్కువగా చేరుతుంది. క్యాన్సరైనా అంతే. అంకె పెరిగిందంటే గ్రంథిలో ఏదో కదిలిందని అర్థం, ఏది కదిలిందో ఆ అంకె చెప్పదు. 1970లో ప్రోస్టేట్ యాంటిజెన్‌ను గుర్తించిన రిచర్డ్ ఆబ్లినే 2010లో ఈ పరీక్షను మూకుమ్మడిగా చేయడాన్ని గట్టిగా తప్పుపట్టారు.

రెండోది ఇంకా ముఖ్యం. వేరే కారణాలతో పోయిన 70 దాటిన మగవాళ్లకి శవపరీక్ష చేస్తే, మూడోవంతు మందికి అటూ ఇటూగా ప్రోస్టేట్‌లో క్యాన్సర్ కణాలు కనబడతాయి. బతికున్నన్నాళ్లూ వాళ్లకి దానివల్ల ఏమీ కాలేదు. అలాంటి క్యాన్సర్‌ను వెతికి పట్టుకుంటే రోగి ఒకడు పుడతాడు తప్ప ప్రాణం నిలబడదు.

లెక్కలడిగారు కదా. యూరప్‌లో లక్షా ఎనభై వేలమందికి పైగా మగవాళ్లతో జరిగిన ఈఆర్‌ఎస్‌పీసీ అధ్యయనం 2009లో ఫలితాలు ఇచ్చింది. ఒక్క ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాన్ని ఆపాలంటే 1,410 మందిని పరీక్షించాలి, అదనంగా 48 మందికి చికిత్స చేయాలి. అమెరికాలో జరిగిన పీఎల్‌సీఓ అధ్యయనంలో పరీక్ష వర్గానికీ మామూలు వర్గానికీ మధ్య మరణాల్లో తేడాయే కనబడలేదు. ఏ పరీక్షలు అవసరమో సలహా ఇచ్చే అమెరికా నివారణ సేవల కార్యదళం 2012లో ఈ స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్లని పరీక్షించడం) వద్దనే చెప్పింది.

నిమ్మళం:
తూనికరాయి గారూ, మీరిచ్చిన అంకెలు తప్పు కావు, కానీ కథను సగంలో ఆపేశారు.

1,410, 48 అనేవి ఆ అధ్యయనంలోనివాళ్లని సుమారు తొమ్మిదేళ్లు గమనించాక వచ్చిన అంకెలు. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలావరకు నింపాదిగా పెరిగేది. దాని స్క్రీనింగ్ లాభం తొమ్మిదేళ్లలో తేలదు. అదే అధ్యయనం 16 ఏళ్లకి వచ్చేసరికి ఒక మరణం ఆపడానికి పిలవాల్సినవాళ్లు 570 మంది, అదనంగా బయటపడే క్యాన్సర్లు 18. 2025లో వచ్చిన 23 ఏళ్ల ఫలితాల్లో అవి 456, 12. పిలుపు అందుకున్న వర్గంలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తక్కువ. ఏ ఏటి లెక్కో చెప్పకుండా ఆ 48ని వాడితే చదివేవాళ్లకి అన్యాయం చేసినట్టే.

పీఎల్‌సీఓ సంగతి: పరీక్ష చేయకూడని వర్గంలో ఉన్నవాళ్లు బయట తమ డాక్టర్ల దగ్గర చేయించేసుకున్నారు. ఆ వర్గంలో దాదాపు 90 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు పీఎస్‌ఏ చేయించుకున్నవాళ్లేనని తర్వాత తేలింది. మందు వేసుకున్నవాళ్లని మందు వేసుకున్నవాళ్లతోనే పోల్చి, మందు పనిచేయలేదంటే ఎలా? 2012లో వద్దన్న కార్యదళమే 2018లో మాట మార్చింది. 55 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లు డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చంది. 70 దాటితే వద్దన్న మాట మాత్రం అలాగే ఉంచింది, దాన్ని నేనూ ఒప్పుకుంటాను.

తూనికరాయి:
2025 లెక్క నాకు తెలుసు. అందులోనే ఇంకో అంకె ఉంది. 23 ఏళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు పరీక్ష వర్గంలో 1.4 శాతం, మామూలు వర్గంలో 1.6 శాతం. 13 శాతం తగ్గిందంటే ఎంతో అనిపిస్తుంది, నిజమైన తేడా వెయ్యికి ఇద్దరు. బ్రిటన్‌లో ఒకే ఒక్కసారి పీఎస్‌ఏకి పిలిచిన క్యాప్ అధ్యయనంలో 15 ఏళ్లకి పిలిచిన వర్గంలో 0.69 శాతం, పిలవని వర్గంలో 0.78 శాతం. ఎవరైనా ఈ పరీక్షను పొగిడేటప్పుడు మొదట ఈ రెండు జతలు చెప్పాలి, శాతం తగ్గుదల తర్వాత.

ఇక అదనంగా క్యాన్సర్ బయటపడే ఆ పన్నెండు మంది సంగతి. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అధ్యయనం పీఎస్‌ఏ ద్వారా దొరికిన 1,643 మందిని మూడు వర్గాలు చేసింది: ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి చూడడం. 15 ఏళ్ల తర్వాత మూడింట్లోనూ ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు దాదాపు 3 శాతమే. కానీ ఆపరేషన్ అయిన ఆరు నెలలకి 46 శాతం మంది మూత్రం ఆగక ప్యాడ్లు వాడుతున్నారు, ఆరేళ్లకి కూడా 17 శాతం. సంభోగానికి చాలినంత అంగస్తంభన మొదట 67 శాతం మందికి ఉంటే, ఆపరేషన్ అయిన ఆరు నెలలకి 12 శాతానికి పడిపోయింది. ఏ బాధా లేకుండా వచ్చిన మనిషికి ఇది మనం చేతులారా తెచ్చిపెట్టిన బాధ.

నిమ్మళం:
ప్రొటెక్ట్ నా వాదనకే బలం అండీ. కనిపెట్టి చూసినవాళ్లు కూడా అంతే బతికారంటే అర్థమేంటి? క్యాన్సర్ తెలియడానికీ, కోయడానికీ మధ్య తొందర లేదని. ఒక్కటి మాత్రం దాచకూడదు: కనిపెట్టి చూసిన వర్గంలో క్యాన్సర్ గ్రంథి దాటి పాకినవాళ్లు మిగతా రెంటికన్నా ఎక్కువ. అందుకే ‘కనిపెట్టి చూడడం’ అంటే మర్చిపోవడం కాదు. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, మధ్యమధ్యలో ఎమ్మారై, అవసరాన్నిబట్టి మళ్లీ బయాప్సీ (సూదితో గ్రంథి ముక్కలు తీసి చూడడం).

స్కాన్_గది:
ఇద్దరూ ఎక్కువగా పాత పద్ధతి ఫలితాల మీదే వాదిస్తున్నారు. ఈఆర్‌ఎస్‌పీసీ, ప్రొటెక్ట్ మొదలైన రోజుల్లో పీఎస్‌ఏ పెరిగితే నేరుగా బయాప్సీకే. మలద్వారం గుండా అల్ట్రాసౌండ్ పెట్టి, మచ్చ ఎక్కడుందో తెలియకుండానే గ్రంథి అంతటా ఆరు నుంచి పన్నెండు ముక్కలు తీసేవాళ్లు. నిరపాయమైన చిన్న క్యాన్సర్లు దొరికేవి, ముందువైపు దాక్కున్న పెద్దవి ఒక్కోసారి తప్పిపోయేవి.

ఇప్పుడు ముందు ఎమ్మారై. 2018 నాటి ప్రెసిషన్ అధ్యయనంలో ఎమ్మారై చూసి గురిపెట్టి తీసిన బయాప్సీలో పట్టించుకోవాల్సిన క్యాన్సర్ 38 శాతం మందిలో దొరికింది, పాత పద్ధతిలో 26 శాతం. పట్టించుకోనక్కర్లేనివి 22 నుంచి 9 శాతానికి తగ్గాయి. పైగా ఎమ్మారైలో అనుమానం లేని నాలుగోవంతు మందికి సూదే పడలేదు.

రిపోర్టులో పైరాడ్స్ అని 1 నుంచి 5 వరకు మార్కు ఉంటుంది. 1, 2 అయితే అనుమానం తక్కువ, 4, 5 అయితే బయాప్సీ. చిక్కంతా 3 దగ్గరే. అప్పుడు పీఎస్‌ఏ సాంద్రత చూడాలి, దీన్ని ఇంట్లో కాగితం మీదే కట్టుకోవచ్చు. రిపోర్టులో గ్రంథి కొలతలు మూడు ఉంటాయి. ఉదాహరణకి 5.0, 4.5, 4.0 సెంటీమీటర్లు. మూడింటినీ గుణించి 0.52తో మళ్లీ గుణిస్తే 46.8 మి.లీ. గ్రంథి. పీఎస్‌ఏ 6.2 (మి.లీ. రక్తానికి నానోగ్రాములు) అయితే 6.2ని 46.8తో భాగిస్తే 0.13. మామూలుగా గీత 0.15, అది దాటితే అనుమానం పెరుగుతుంది. అదే 6.2 అంకె 30 మి.లీ. చిన్న గ్రంథిలోంచి వస్తే 0.21, అది వేరే కథ. గ్రంథి ఎంతుందో తెలియకుండా ‘పీఎస్‌ఏ 6’ అని భయపడడం దండగ.

ఒక జాగ్రత్త: ఎమ్మారై బయాప్సీకి ముందే జరగాలి. సూది గుచ్చాక లోపల రక్తం చిమ్మి, వారాల తరబడి బొమ్మలో మచ్చలు తెస్తుంది. ఇంకోటి, సూది ఏ దారిలో వెళ్తుందో అడగండి. మలద్వారం గోడగుండా వెళ్తే అక్కడి సూక్ష్మజీవులు గ్రంథిలోకీ రక్తంలోకీ చేరే ప్రమాదం ఉంది. వృషణాలకీ మలద్వారానికీ మధ్య చర్మంలోంచి వెళ్తే ఆ ప్రమాదం బాగా తక్కువ.

ల్యాబ్_బల్ల:
పైనున్న చర్చంతా అంకె సరైనదే అనుకుని నడుస్తోంది. చాలాసార్లు అంకే తప్పుదారి పట్టిస్తుంది. నమూనా ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

పరగడుపు అక్కర్లేదు. రెండు రోజుల ముందు నుంచి స్ఖలనం, సైకిల్ తొక్కడం మానాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే తగ్గాక 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఇది చాలామంది పాటించరు. జ్వరం, మంట ఉన్నప్పుడే నమూనా తీసుకుంటే 4 ఉండాల్సింది 20 కూడా రావచ్చు, ఆ కాగితం చూసి ఇల్లంతా బెంబేలెత్తుతుంది. గొట్టం వేసినా, బయాప్సీ అయినా అన్నే వారాలు ఆగాలి. డాక్టరు వేలితో పరీక్షించడం వల్ల పెరిగేది స్వల్పమే, అయినా రక్తం ముందు ఇచ్చేస్తే గొడవుండదు.

ఇక మందులు. పెరిగిన ప్రోస్టేట్‌కి ఇచ్చే ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ ఆరు నెలల నుంచి ఏడాది వాడితే పీఎస్‌ఏ సుమారు సగమవుతుంది. 2.1 వచ్చిందంటే దాన్ని 4.2గా చదవాలి. బట్టతలకి వాడే 1 మి.గ్రా. ఫినాస్టరైడ్ కూడా ఇదే పని చేస్తుంది, దాన్ని మందుగా లెక్కేయక చెప్పడం మర్చిపోతారు. జుట్టుకి, గోళ్లకి వేసుకునే పెద్ద మోతాదు బయోటిన్ ఇంకో రకం చిక్కు: గ్రంథిని ఏమీ చేయదు, కానీ కొన్ని ల్యాబ్ యంత్రాల పద్ధతికి అడ్డుపడి పీఎస్‌ఏని ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. డాక్టరుతో చెప్పి కొన్ని రోజుల ముందే ఆపాలి.

మొత్తం పీఎస్‌ఏ 4 నుంచి 10 మధ్య ఉంటే ఫ్రీ పీఎస్‌ఏ (రక్తంలో వేరే ప్రొటీన్లకి అంటుకోకుండా విడిగా ఉండే భాగం) అడుగుతారు. మొత్తంలో ఫ్రీ భాగం 25 శాతం దాటితే క్యాన్సర్ అవకాశం తక్కువ, 10 లోపైతే ఎక్కువ. ఇది నమూనా దగ్గర చాలా సున్నితం. రక్తం తీసిన రెండు, మూడు గంటల్లో సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరుచేసి చల్లగా ఉంచాలి. అలా చేయకుండా ట్యూబు బల్లమీద పడి ఉంటే ఫ్రీ భాగం ముందుగా చెడి, శాతం తక్కువగా వచ్చి లేని భయం పుట్టిస్తుంది. నమూనా సేకరణ కేంద్రం నుంచి దూరపు ల్యాబుకి వెళ్లేదైతే ఈ ప్రశ్న తప్పకుండా వేయండి.

చివరగా, ఏటా ల్యాబు మార్చకండి. యంత్రాల ప్రమాణాలు రెండు రకాలు, ఒకదానికీ ఇంకోదానికీ సుమారు 20 శాతం తేడా వస్తుంది. అదే మనిషిలో కూడా అంకె ఊరికే 15, 20 శాతం ఊగుతుంది. 3.8 కాస్తా 4.4 అయితే అది పెరుగుదల కాదు. కొన్ని వారాలాగి, అదే ల్యాబులో మళ్లీ చూడండి.

వానచినుకు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలండీ. ఒక్క సందేహం. 4 లోపు వస్తే ఇక నిశ్చింతేనా?

నిమ్మళం:
కాదు. పీఎస్‌ఏ 4 లోపు ఉన్నవాళ్లకి కూడా బయాప్సీ చేసిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది, వాళ్లలో 15 శాతం మందికి క్యాన్సర్ దొరికింది. అందులో ఎక్కువ భాగం తీవ్రం కానిదే, అయినా కొంత తీవ్రమైనది. 4 అనేది గోడ కాదు, వాలులో ఎక్కడో గీసిన గీత. ఈఆర్‌ఎస్‌పీసీలో చాలా కేంద్రాలు 3నే గీతగా పెట్టుకున్నాయి.

అంకె ఎంత తక్కువైతే అంత ధైర్యం. 60 ఏళ్ల వయసులో పీఎస్‌ఏ 1 లోపు ఉంటే, 85 ఏళ్లలోపు ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయే అవకాశం 0.2 శాతమని స్వీడన్ మగవాళ్ల మీద జరిగిన అధ్యయనం చెప్పింది. అలాంటివాళ్లు ఏటా చేయి చాపాల్సిన పని లేదు. ఏటా అందరికీ అనే పద్ధతిని నేనూ సమర్థించను. ఈఆర్‌ఎస్‌పీసీలో కూడా చాలాచోట్ల నాలుగేళ్లకోసారే పరీక్షించారు. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చినా, కుటుంబంలో బ్రాకా 2 జన్యులోపం ఉన్నా మాత్రం 40లలోనే డాక్టరుతో మాట్లాడాలి. వాళ్లని ‘ఏమీ లేనివాళ్ల’ కింద జమకట్టొద్దు.

తూనికరాయి:
ఇలా ఎవరికి, ఎన్నేళ్లకోసారి, ఎమ్మారై తర్వాతే సూది అని వరసగా చేస్తే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం పోదు, ఎందుకంటే ఈ పరీక్ష చాలామందికి ఇలా జరగదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో షుగరు, కొలెస్ట్రాల్ పక్కన పీఎస్‌ఏ ఒక గడి. రక్తం తీసేవాళ్లు చెప్పరు, ఇచ్చేవాళ్లు అడగరు. 75 ఏళ్లాయనకి 5.1 వస్తుంది, ఎర్ర అక్షరాల్లో అచ్చవుతుంది, ఆ రాత్రి నుంచి ఆయనకి నిద్ర ఉండదు. ఆ వయసుకి పెరిగిన గ్రంథితో 5.1 వింతేమీ కాదని చెప్పే మనిషి ఆ కాగితంతో పాటు రాడు.

కాబట్టి నా షరతు ఇది. చేయి చాపకముందే అడగండి: అంకె పెరిగితే మళ్లీ పరీక్ష ఎన్ని వారాలకి? తర్వాత ఎమ్మారైనా, నేరుగా సూదా? గ్రేడ్ గ్రూప్ 1 అని వస్తే, అంటే అన్నిటికన్నా తక్కువ తీవ్రత అయితే, ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూసే ఏర్పాటు ఈ డాక్టరు దగ్గర ఉందా? మూడింటికీ జవాబు దొరక్కపోతే ఆ గడిలో టిక్కు పెట్టొద్దు.

ల్యాబ్_బల్ల:
ప్యాకేజీ అయినా, విడిగా అయినా, రక్తం ఇచ్చేటప్పుడు చీటీ మీద ఈ మూడూ రాయించండి: వయసు, వాడుతున్న ఫినాస్టరైడ్ లేదా డ్యుటాస్టరైడ్ ఎన్నాళ్ల నుంచో, ఆఖరి మూత్ర ఇన్ఫెక్షన్ ఎప్పుడో. రిపోర్టు వచ్చాక దానిమీద ఏ యంత్రం, ఏ పద్ధతి అని ఉందో చూసి దాచుకోండి. రెండేళ్ల తర్వాత రెండో అంకె వచ్చినప్పుడు పోల్చడానికి పనికొచ్చేది అదే.