నోత్రదామ్ కాలిన రాత్రి జనం పాడిన ప్రార్థన బాణీ ఎవరిది?

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ కేథడ్రల్ కప్పు తగలబడి, సాయంత్రం 7:50 ప్రాంతంలో శిఖరం కూలిన తరువాత, అక్కడ గుమిగూడిన జనం మోకరిల్లి పాడిన పాట నా దగ్గరున్న 47 సెకన్ల వీడియోలో వినిపిస్తుంది. ఆ దుఃఖంలోని నిగ్రహం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 12వ సెకను నుంచి "జ వూ సాల్యూ, మరీ" అన్న మాటలు స్పష్టంగా ఉన్నందున అది ఫ్రెంచిలో మంగళవార్త జపమని, అంటే మరియమాతకు కాథలిక్కులు చేసే ప్రార్థన అని, గ్రహించాను. పాటలను గుర్తించే యాప్‌తో మూడుసార్లు ప్రయత్నించినా సైరన్ల మోత వల్ల ఫలితం రాలేదు. వేగం సగానికి తగ్గించి, దొరికిన నాలుగు రికార్డింగులతో పోల్చి చూస్తే మాటలు కలిశాయి గాని బాణీ కలవలేదు. వాద్యాలు లేకుండా, ఒకరు ఎత్తుకోగా మిగిలినవారు అందుకునే ఆ బాణీని స్వరపరచినవారెవరో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?