ఐర్లండ్‌లో క్రికెట్: క్లబ్బు, కిట్, పిచ్, టికెట్లు, వీసా – సందేహాలకు జవాబులు

కొత్తగా డబ్లిన్:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద జనవరిలో డబ్లిన్ వస్తున్నాను, ఇల్లు బ్లాంచర్డ్స్‌టౌన్ వైపు. ఇన్నాళ్లూ ఆడిందంతా టెన్నిస్ బంతితోనే. అక్కడ లెదర్ బంతితో లీగ్ ఆడాలని ఉంది. క్లబ్బులో ఎలా చేరాలి? కిట్ హైదరాబాద్‌లోనే కొనుక్కుని రావాలా? పిచ్‌లు ఎలా ఉంటాయి? మా అబ్బాయికి 11 ఏళ్లు, వాడినీ చేర్చాలి. డబ్లిన్ దగ్గరి మాలహైడ్‌లో, వీలైతే బెల్‌ఫాస్ట్‌లో అంతర్జాతీయ మ్యాచ్‌లు కూడా చూడాలి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

మిడాన్:
జనవరిలో రావడం మంచిదైంది. లీగులు ఏప్రిల్ నెలాఖరుకు మొదలై సెప్టెంబరులో ముగుస్తాయి. కానీ ఎవరు ఏ జట్టులో ఆడేదీ చాలావరకు తేలేది చలికాలం ఇండోర్ నెట్స్‌లోనే. క్లబ్బులు ఏదో ఒక హాలు అద్దెకు తీసుకుని వారానికోసారి నెట్స్ పెడతాయి. మే నెలలో వెళ్లి అడిగితే అప్పటికే జట్లు కుదిరిపోయి ఉంటాయి, ఎవరైనా రాని రోజే మీకు పిలుపు.

ఐర్లండ్‌లో క్రికెట్‌కు సరిహద్దు లేదు. ద్వీపం మొత్తానికి క్రికెట్ ఐర్లండ్ ఒక్కటే. దాని కింద లెన్‌స్టర్, మన్‌స్టర్, కొనాక్ట్, నార్తర్న్, నార్త్ వెస్ట్ అని ఐదు ప్రాంతీయ సంఘాలు. మీరు వచ్చేది లెన్‌స్టర్ పరిధిలోకి. ఆ సంఘం వెబ్‌సైట్‌లో క్లబ్బుల పేర్లు, ఏ క్లబ్బుకు ఏ డివిజన్‌లో జట్టుందో దొరుకుతుంది. పాత క్లబ్బు అనో, పెద్ద పేరనో ఎంచుకోకండి. 1830లో పుట్టిన ఫీనిక్స్ క్లబ్బు మ్యాచ్‌ను ఫీనిక్స్ పార్కులో బౌండరీ పక్కన నిలబడి హాయిగా చూడొచ్చు, ఆడటానికి మాత్రం లెక్క వేరు. కింది డివిజన్లలో రెండు మూడు జట్లున్న క్లబ్బు కావాలి మీకు, అప్పుడే టెన్నిస్ బంతి నుంచి వచ్చినవాళ్లకు ప్రతి వారం ఆట దక్కుతుంది. రెండోది, కారు లేకుండా ఆదివారం పొద్దున బస్సులో చేరగలరా అన్నది.

మెయిల్ రాసేటప్పుడు నాలుగు వాక్యాలు చాలు: ప్రధానంగా బ్యాటింగా బౌలింగా, లెదర్ బంతితో అనుభవం ఎంత, ఏయే రోజులు ఖాళీ, కారు ఉందా లేదా. ‘ఆల్‌రౌండర్’ అని మాత్రం రాయకండి. అందరూ అదే రాస్తారు, కెప్టెన్‌కు దాంతో తెలిసేదేమీ ఉండదు. సభ్యత్వ రుసుము ఒక్కో క్లబ్బులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి అందులో బీమా, నెట్స్ కలిసి ఉన్నాయా, మ్యాచ్ ఫీజు విడిగా ఎంత, వాయిదాల్లో కట్టొచ్చా అని ముందే అడగండి.

ఇంట్లో కూడా ముందే చెప్పి పెట్టుకోండి. వారాంతపు లీగ్ మ్యాచ్ అంటే మధ్యాహ్నం మొదలై సాయంత్రం ఏడు దాకా సాగుతుంది, ప్రయాణం అదనం. అంత సమయం లేకపోతే కొన్ని క్లబ్బుల్లో టావెర్నర్స్ అని సరదా జట్లుంటాయి. అవి వారం మధ్యలో సాయంత్రం ఆరింటికి టీ20 ఆడతాయి. జూన్‌లో సూర్యాస్తమయం దాదాపు పదింటికి కాబట్టి లైట్ల అవసరం రాదు.

తెల్లబంతి:
కిట్ సంగతి. బ్యాట్, ప్యాడ్లు, గ్లవ్స్, థై ప్యాడ్, గార్డ్ హైదరాబాద్‌లోనే కొనండి, మీరట్ బ్యాట్లు ఇండియాలోనే చవక. బ్యాట్ చెకిన్ సామానులోనే వేయాలి, చేతి సామానులో ఒప్పుకోరు. ఈయూ బయటి నుంచి విమానంలో వచ్చే పెద్దవాళ్లకు సుంకం లేకుండా తెచ్చుకునే వస్తువుల విలువ 430 యూరోల దాకానే. కొత్త బ్యాట్లు రెండు మూడు తెచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. హెల్మెట్ కొంటే లోపలి లేబుల్ మీద ‘బీఎస్ 7928:2013’ అని ఉందో లేదో చూడండి. గ్రిల్‌కూ హెల్మెట్ అంచుకూ మధ్య నుంచి బంతి దూరకుండా పరీక్షించిన ప్రమాణం అది.

టెన్నిస్ బంతి స్కూప్ బ్యాట్ ఇంట్లోనే వదిలేయండి. ఇక్కడ బౌన్స్ తక్కువ, కాబట్టి స్వీట్ స్పాట్ (బంతి బాగా తగిలే చోటు) కాస్త కిందికి ఉన్న ఇంగ్లిష్ విల్లో నయం. షార్ట్ హ్యాండిల్, బరువు 2 పౌండ్ల 8 ఔన్సుల నుంచి 2 పౌండ్ల 10 ఔన్సుల లోపు.

బూట్లు ఇక్కడికొచ్చాకే కొనండి. మెత్తటి పచ్చిక మీద ఇనుప స్పైకులు లేకపోతే బౌలర్ ముందుకాలు జారుతుంది, మోకాలికి ప్రమాదం. కృత్రిమ పిచ్‌ల మీద మాత్రం ఇనుప స్పైకులు వేయనివ్వరు, రబ్బరు అడుగు బూట్లు కావాలి. మెత్తటి ఉన్ని స్వెటర్, లోపల బిగుతు థర్మల్ మర్చిపోవద్దు. ఏప్రిల్‌లో పది డిగ్రీల దగ్గర, ఈదురుగాలిలో పాయింట్‌లో నిలబడటం అంటే ఏమిటో హైదరాబాద్‌లో కూర్చుని ఊహించలేరు.

కొత్తగా డబ్లిన్:
చాలా థాంక్స్ అన్నా. షాపువాళ్లు బ్యాట్ ‘రెడీ టు ప్లే’ అని ఇస్తున్నారు. ఇంకా నాకింగ్ (సుత్తితో కొట్టి ఆటకు సిద్ధం చేయడం) చేయాలా?

తెల్లబంతి:
చేయాలి. ముడి అవిసె నూనె చెంచాడు తీసుకుని ముఖానికి, అంచులకు, అడుగుకు పల్చగా పట్టించి, బ్యాట్‌ను అడ్డంగా పడుకోబెట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ఇంకో పూత, అంతే. పిడి బ్లేడులోకి దిగే వి ఆకారపు అతుకుకు నూనె తగలకూడదు, జిగురు వదులవుతుంది. ఎక్కువ నూనె పోస్తే బ్యాట్ బరువెక్కి చచ్చుబడిపోతుంది. ముఖానికి ప్లాస్టిక్ పొర అంటించి ఇస్తే అక్కడ నూనె అక్కర్లేదు.

తర్వాత చెక్క సుత్తితో అరగంట చొప్పున మొత్తం ఐదారు గంటలు కొట్టాలి. మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుకుంటూ పోవాలి. అంచుల్ని నేరుగా కొట్టొద్దు, 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా కొడితే పదును పోయి గుండ్రబడతాయి. బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. ఆ తర్వాత పాత బంతితో రెండు నెట్స్. చివరికి పాత బంతి ఎర్ర మచ్చలే పడాలి, సీమ్ గుంటలు పడుతున్నాయంటే ఇంకా కొట్టాలన్నమాట.

ఐర్లండ్‌లో బ్యాట్లు ఎక్కువగా చెడేది అడుగు భాగంలో. తడి పచ్చిక మీద స్టాన్సులో టకటకా తట్టుతూ నిలబడితే నీరు పీల్చుకుని ఉబ్బి, యార్కర్ తగలగానే చీలుతుంది. రబ్బరు టో గార్డ్ అంటించండి. తడిసిన బ్యాట్‌ను గుడ్డతో తుడిచి గది గాలికే ఆరనివ్వాలి. రేడియేటర్ పక్కన పెట్టారంటే వారంలో పగుళ్లు ఖాయం.

మిడాన్:
ఇక పిచ్. మనవాళ్లు తొలి నెలలో ఎక్కువగా అవుటయ్యేది కవర్‌లోనో మిడాఫ్‌లోనో క్యాచ్ ఇచ్చి. కారణం ఒకటే. మట్టిలో తేమ ఉండటంతో బంతి నేలను తాకగానే కాస్త పట్టుకుని, ఆగి వస్తుంది. ఉప్పల్‌లోలా లేచే బంతిని లేచినట్టే డ్రైవ్ చేయబోతే షాట్ ముందే అయిపోతుంది, బంతి గాల్లోకి లేస్తుంది. మే నెలాఖరు దాకా బంతిని కళ్ల కిందికి రానిచ్చి, చేతులు వదులుగా పెట్టి ఆడండి. పరుగులు కాళ్ల మీద పడ్డవాటికి, పొట్టి బంతులకే వస్తాయి. పచ్చిక పొడుగ్గా, తడిగా ఉంటే నేల మీద కొట్టిన బంతి బౌండరీకి పోదు. కొట్టి చూస్తూ నిలబడకుండా మొదటి పరుగు గట్టిగా తీస్తే రెండోది దొరుకుతుంది. జూలైకి పిచ్‌లు ఆరతాయి, అప్పుడు మీ ఆట మీరు ఆడుకోవచ్చు.

బౌలర్లకు ఇది స్వర్గం. మొత్తం బలంతో వేయక్కర్లేదు. సీమ్ నిటారుగా పట్టుకుని, స్టంప్స్‌కు ఐదారు మీటర్ల ముందు పడేలా ఫుల్లర్‌గా వేస్తే చాలు. షార్ట్ బంతి లేవదు, నడుం ఎత్తులో మెల్లగా వచ్చి పుల్‌కు దొరికిపోతుంది. స్పిన్నర్లు ప్యాంటుకు చిన్న తువ్వాలు దోపుకోవాలి. తడి బంతి వేళ్ల నుంచి జారితే ఫుల్ టాసే.

స్కోరర్:
మ్యాచ్‌లు చూడటం గురించి. మాలహైడ్ మైదానం డార్ట్ (డబ్లిన్ లోకల్ రైలు) స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర, కారు వద్దు. స్టాండ్లు మ్యాచ్ కోసం తాత్కాలికంగా కట్టేవి, పైకప్పు ఉండదు. గొడుగు తెరిస్తే వెనకవాళ్లు ఊరుకోరు, వానకోటు తెచ్చుకోండి. లైట్లు లేవు కాబట్టి ఆట పగటిపూటే. 2023 ఆగస్టులో బుమ్రా కెప్టెన్‌గా ఇండియా ఆడిన టీ20లు మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యాయి. ఇండియా వచ్చినప్పుడు టికెట్లు త్వరగా అయిపోతాయి, అమ్మకాల తేదీ కోసం క్రికెట్ ఐర్లండ్ మెయిలింగ్ జాబితాలో ముందే చేరండి.

టికెట్ కొనేముందు వాన నిబంధన చదవండి, ఎన్ని ఓవర్లు పడితే డబ్బు వాపసు ఉండదో అందులో రాసి ఉంటుంది. పై సిరీస్‌లో మూడో మ్యాచ్ ఒక్క బంతి పడకుండానే రద్దయింది. 2018లో పాకిస్థాన్‌తో ఐర్లండ్ పురుషుల తొలి టెస్టులోనూ మొదటి రోజు వానపాలే.

మబ్బు పట్టిన రోజు స్కోరుబోర్డులో కావాల్సిన రన్‌రేట్ చూడకండి, డీఎల్ఎస్ పార్ స్కోరు చూడండి, అంటే వానతో ఆట అక్కడే ఆగిపోతే రెండు జట్లూ సమానమయ్యే స్కోరు. 2023 ఇండియా సిరీస్ తొలి టీ20లో ఐర్లండ్ 139 చేసింది. ఇండియా 6.5 ఓవర్లలో 47/2 ఉండగా వాన వచ్చింది. అంతకు కాస్త ముందే క్రెయిగ్ యంగ్ వరుస బంతుల్లో జైస్వాల్‌ను, మన తిలక్ వర్మను అవుట్ చేశాడు. అప్పటికి పార్ 45, అంటే ఇండియా 2 పరుగులతో గెలిచినట్టు. ఇంకో వికెట్ పడి ఉంటే పార్ పైకి ఎగబాకి ఫలితం తారుమారయ్యేది. టీ20లో ఫలితం తేలాలంటే రెండో జట్టు కనీసం 5 ఓవర్లు ఆడాలి, వన్డేలో 20.

పురుషుల మ్యాచ్‌ల హడావిడి వద్దనుకుంటే క్లాంటార్ఫ్‌లోని క్యాజిల్ అవెన్యూలో ఐర్లండ్ మహిళల మ్యాచ్‌లు చూడండి. బౌండరీ తాడుకు అడుగు దూరంలో కూర్చుని గ్యాబీ లూయిస్ బ్యాటింగ్ చూడటం పెద్ద స్టేడియాల్లో కుదరదు.

బాబుగాడి డాడీ:
బెల్‌ఫాస్ట్‌లో స్టార్మాంట్ మైదానం బాగుంటుంది. సరిహద్దు దగ్గర ఎవరూ ఆపరు, రైలెక్కి వెళ్లిపోవడమే.

స్కోరర్:
ఆపకపోవడం వేరు, అనుమతి ఉండటం వేరండీ. దయచేసి కొత్తవాళ్లకు ఇలా చెప్పకండి. ఉత్తర ఐర్లండ్ యూకే కిందికి వస్తుంది. భారత పాస్‌పోర్టు ఉండి, ఐఆర్‌పీ (ఐర్లండ్ నివాస అనుమతి) కార్డు మీద ఐర్లండ్‌లో ఉంటున్నవాళ్లకు యూకే విజిటర్ వీసా తప్పనిసరి. ఒకే వీసాతో ఐర్లండ్, యూకే రెండూ తిరగనిచ్చే బీఐవీఎస్ ముద్ర పథకం స్వల్పకాలిక వీసా మీద చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకే, ఇక్కడ నివాసం ఉండేవాళ్లకు కాదు. తిరుగు ప్రయాణంలో బస్సులు ఆపి గార్డా (ఐర్లండ్ పోలీసులు) తనిఖీ చేసే సందర్భాలూ ఉన్నాయి. పట్టుబడితే రేపటి వీసా దరఖాస్తులన్నిటికీ అది అడ్డమే.

ఇది ఆటగాళ్లకూ వర్తిస్తుంది. అఖిల ఐర్లండ్ కప్పుల్లో ప్రత్యర్థులను తేల్చే చీటీల్లో అలా పడితే మీ జట్టు ఉత్తరాదికి వెళ్లాల్సి రావచ్చు. వీసా లేకపోతే సీజన్ మొదట్లోనే కెప్టెన్‌కు చెప్పండి. వీసా ఉంటే డబ్లిన్ కానలీ స్టేషన్‌లో ఎంటర్‌ప్రైజ్ రైలెక్కి బెల్‌ఫాస్ట్ గ్రాండ్ సెంట్రల్‌లో దిగాలి, అక్కడి నుంచి స్టార్మాంట్ వైపు జీ1 గ్లైడర్ బస్సు. జేబులో పౌండ్లు ఉంచుకోండి.

బాబుగాడి డాడీ:
సరేనండీ, ఒప్పుకుంటున్నా. పిల్లల సంగతి నేను చెప్తాను. క్లబ్బుల్లో అండర్-11, అండర్-13 జట్లుంటాయి, సాధన వారం మధ్యలో సాయంత్రం పూట. వయసు సీజన్‌లో ఏ తేదీకి లెక్కిస్తారో అడిగి చేర్చండి. లెదర్ బంతి ఆడే పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి, పేస్ వేసేవాళ్లకు వయసును బట్టి ఓవర్ల పరిమితి ఉంటుంది. వాడు బాగా వేస్తున్నాడని ఇంకో ఓవర్ ఇవ్వమంటే ఇవ్వరు. ఒక సైజు పెద్ద బ్యాట్ కొని ‘రేపు సరిపోతుందిలే’ అనుకోవద్దు, ఆట పాడవుతుంది. మీరు కోచింగ్‌లో చేయి వేయాలనుకుంటే ముందు గార్డా వెట్టింగ్ (పోలీసుల నేపథ్య తనిఖీ) పూర్తి కావాలి. దానికి వారాలు పట్టొచ్చు, ఫిబ్రవరిలోనే ఫారం పెట్టండి.

కొత్తగా డబ్లిన్:
ఒక్క ఆఖరి ప్రశ్న. కింది డివిజన్లలో అంపైరింగ్ మనమే చేయాలట కదా? నాకు గల్లీ రూల్సే తెలుసు.

మిడాన్:
అవును, తటస్థ అంపైర్లు ఉండరు. బ్యాటింగ్ చేస్తున్న జట్టువాళ్లే వంతులవారీగా నిలబడతారు, స్కోరూ వాళ్లే రాస్తారు. జేబులో ఆరు నాణేలు పెట్టుకుని బంతికొకటి ఎడమ చేతి నుంచి కుడికి మార్చండి. ఏ సంజ్ఞ చేసినా స్కోరర్ చెయ్యెత్తేదాకా తర్వాతి బంతి వేయనివ్వొద్దు. సగం గొడవలు అక్కడే పుడతాయి. లెగ్ స్టంప్ బయట పడ్డ బంతికి ఎల్బీ లేదు. నడుం పైకి వచ్చిన ఫుల్ టాస్, స్పిన్నర్ వేసినా నోబాలే. క్యాచ్ పట్టేలోపు బ్యాటర్లు ఒకరినొకరు దాటినా సరే, ఓవర్ అయిపోతే తప్ప 2022 అక్టోబరు నుంచి కొత్తవాడే స్ట్రైక్ తీసుకోవాలి. మన గల్లీ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది దీని దగ్గరే.